రెండు మిల్లీమీటర్లు

వలలో పడ్డ పిట్టను విడిపించేటప్పుడు ముందు కాళ్ళు విప్పాలి. తల ముందు విప్పితే అది కాళ్ళతో దారాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఇక మనిషికీ పిట్టకూ యాతనే. ఈ సంగతి జ్ఞానరాజుకు ఏ సారూ నేర్పలేదు. వాళ్ళ నాయన కౌజుపిట్టలకు వలేసి ఆత్మకూరు సంతలో అమ్మేవాడు కాబట్టి ఆ పని అతని వేళ్ళకు చిన్నప్పుడే వచ్చింది. ఇప్పుడు అవే వేళ్ళు నల్లమలలో పిట్టల్ని పట్టి, కొలిచి, మళ్ళీ వదిలేసే పనిలో పన్నెండేళ్ళుగా ఉన్నాయి. అడవిశాఖ ఇచ్చిన పాసు మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఒక్కోసారి దాన్ని తీయడం మరిచిపోతాడు. మరుపో, గొప్పో అని ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు.

ఫిబ్రవరి ఆఖరు. వాగు అప్పటికే ఎండిపోయి, రాళ్ళ మధ్య ఒక్క మడుగు మిగిలింది. ఆ మడుగుకు అటూ ఇటూ కంటికి ఆనని సన్నదారం వలలు ఆరు కట్టి ఉన్నాయి. పొద్దున ఏడు గంటలకే రాళ్ళు వేడెక్కుతున్నాయి. జ్ఞానరాజు రెండో వలలోంచి ఒక పొద పిగిలి పిట్టను తీసి, గుడ్డసంచిలో వేసి, మూతిదారం లాగి వేలికి తగిలించుకున్నాడు. ఆ చేతికి అప్పటికే మూడు సంచులు వేలాడుతున్నాయి. లోపల పిట్టలు కదిలినప్పుడల్లా సంచులు కొద్దిగా ఊగుతున్నాయి.

నల్లమద్ది చెట్టు కింద రేకుబల్ల. దాని మీద రెక్కలు కొలిచే స్టీలు స్కేలు, చిన్న కాటా, కాళ్ళకు తొడిగే సన్నటి అల్యూమినియం రింగులు. బల్ల పక్కన కొలతల పుస్తకం తెరుచుకుని మహానంది కూర్చున్నాడు. వలలకు గుంజలు పాతేది అతనే, జ్ఞానరాజు చెప్పిన అంకెలు రాసేదీ అతనే.

జ్ఞానరాజు పిగిలిని ఎడమచేతిలో పట్టుకుని, మెడను రెండు వేళ్ళ మధ్య ఇమిడ్చాడు. స్కేలును రెక్క కిందికి జరిపి, రెక్క మడతను స్కేలు మొదట్లో ఉన్న చిన్న అడ్డుకు ఆనించాడు. మడిచిన రెక్క ఎప్పుడూ కొంచెం వంపుగా ఉంటుంది. దాన్ని బొటనవేలితో మెల్లగా ఒత్తి, వంపు పోయేదాకా స్కేలుకు ఆనించి, చివరి ఈక ఏ గీత మీద ఉందో చూశాడు.

"రెక్క డెబ్బై ఎనిమిది. రాసినావా?"

"రాసినా అన్నా."

"తూకం ఇరవై ఏడున్నర."

"మళ్ళీ ఇరవై ఏడేనా? ఈ పిట్టలకు తిండి దొరకల్యానో ఏమో" అన్నాడు మహానంది రాస్తూ.

అప్పుడే జీపు చప్పుడు వినిపించింది. హర్షిణి వచ్చింది. ఆ అమ్మాయిది కోడుమూరు దగ్గర పెద్ద రైతుల ఇల్లు. ఆ ఇంటికి పోతే జ్ఞానరాజులాంటి వాళ్ళు గడప బయటే నిలబడతారు. ఇక్కడ మాత్రం ఆరేళ్ళుగా అదే రేకుబల్ల మీద అతనితో కలిసి సద్ది తింటుంది, అన్నా అని పిలుస్తుంది. ఇన్నేళ్ళ ఈ కొలతల మీదే ఆమె డాక్టరేటు. వచ్చే నెలలో యూనివర్సిటీలో పెద్దల ముందు నిలబడి ఆ పరిశోధనను ఒప్పించుకోవాలి.

"అన్నా, మన పేపరు బయటిదేశం పత్రికవాళ్ళు వేసుకుంటామన్నారు" అంది జీపు దిగీ దిగకముందే. "ఒక్కటే అడిగినారు. ఇన్నేండ్లూ రెక్కలు కొలిచింది ఒక్క మనిషేనా, ఒకే తీరుగా కొలిచినాడా అని. కొలిచిన మనిషే సంతకం పెట్టియ్యాలంట."

"కొలిచిన మనిషంటే?"

"నువ్వే అన్నా. ఇంకెవరు?"

జ్ఞానరాజు పిగిలిని వదిలేసి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఈ పని మీద నాలుగు పేపర్లు అచ్చయ్యాయి. ప్రతిదాంట్లోనూ చివర్న స్థానిక సహాయకులకు కృతజ్ఞతలు అని ఒక ముక్క ఉంటుంది. ఆ సహాయకులలో తానొకడని అతను కూతురితో చదివించుకుని తెలుసుకున్నాడు. పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు సముద్రం అవతలి వాళ్ళకు తన సంతకం కావాల్సి వచ్చిందంటే సంతోషం కాక ఏమవుతుంది? సంతోషమే అయింది. దాచుకుందామన్నా దాగలేదు.

"ఆ రెక్కల సంగతి ఇంకొకపారి చెప్పండి మేడమ్" అన్నాడు. తెలిసిన సంగతే, మళ్ళీ వినాలని.

హర్షిణి నవ్వింది. "ఎండలు ఏటికేడు ముదురుతాండాయి కదా. పిట్టల ఒళ్ళు తేలికైతాండాది. అదే కాలంలో రెక్క రెండు మిల్లీమీటర్లు పెరిగింది. ఒళ్ళు తేలికై రెక్క పొడుగైతే ఎగరడానికి కష్టం తక్కువ, ఒంట్లో వేడీ తక్కువ పుడతాది. అంటే తరం తరానికి ఈ అడవి పిట్టలు ఎండకు తగ్గట్టు మారిపోతాండాయి. ఇట్లాంటిది మన కళ్ళ ముందరే జరుగుతాండాది. అది చూపించింది నీ చేతులే అన్నా."

ఈ మాట జ్ఞానరాజు ఊళ్ళో ఎందరికో చెప్పాడు. నల్లమల పిట్టలు ఎండకు ఓర్చుకునేదానికి రెక్కలు పెంచుకుంటున్నాయని చెబితే, మిరప కోతకు పోయే ఆడవాళ్ళు కూడా ఆగి విన్నారు. ఎండలో చచ్చే వాళ్ళందరికీ ఆ మాటలో ఏదో ఊరట ఉంది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. "పిట్టల్ని కొలిచింది నువ్వేనని ఉండాది, అంతే" అంది హర్షిణి. జ్ఞానరాజు బల్ల మీద చోటు చేసుకుని, తెలుగులో, ఇంటిపేరుతో సహా, చిన్నపోగు జ్ఞానరాజు అని పెట్టాడు. ప్రతి అక్షరం దగ్గరా ఆగాడు. హర్షిణి దాన్ని ఫోనుతో ఫొటో తీసుకుని, ఇంకో కాపీ అతనికి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ పొద్దు ఎన్ని పిట్టలు పడ్డా అతనికి అలుపు తెలియలేదు.

*

జ్ఞానరాజు కూతురు ప్రేమజ్యోతి ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి వాకిట్లో చాప మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. జ్ఞానరాజు కాళ్ళు కడుక్కుని వచ్చి, కాగితం మడతలు విప్పి, ఆమె ముందు పెట్టాడు.

"చదువు పాపా. నా పేరు ఎట్ల రాసినారో చూడు."

ఆమె చదివి మెచ్చుకోలుగా తలెత్తింది. "పేరు ఈ పైనే వేసినారు నాయనా. చిన్నపోగు జ్ఞానరాజు అనే నేను, మొదటి దినం నుంచి ఈ పొద్దు దాంకా ప్రతి పిట్ట రెక్కనూ నాకు నేర్పిన తీరులోనే, స్కేలు మీద పూర్తిగా ఒత్తి పట్టి కొలిచినానని సాక్ష్యం చెబుతాండాను. ఇట్ల ఉండాది."

"ఒత్తి పట్టి అని ఉండాదా?"

"ఉండాది. ఏం?"

జ్ఞానరాజు కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత చాప మీద కూర్చున్నాడు. కూతురు ఎర్రసిరా పెన్ను మూత పెట్టి ఎదురుచూసింది.

"మొదటి నెల్లో ఒక తేనెపిట్ట రెక్క ఇరిసినా పాపా" అన్నాడు చివరికి. "వీరభద్ర సారు చూపిచ్చినట్లే ఒత్తినా. టక్కుమనె. ఇంతే శబ్దం. ఆ పొద్దు సారు ల్యాకపాయె. వాగు ఇసకలో పూడ్చిపెట్టి ఇంటికొచ్చినా. మా నాయన పిట్టల్ని అమ్మినాడు, తిన్నాం, అది యారే సంగతి. ఇది కొలిచి వదలాల్సిన పిట్ట. మర్నాటి నుంచి నాకు ఒత్తబుద్ధి కాల్యా. ఊరికే స్కేలు మీద ఆనిచ్చి చూసి చెప్పేసేటోణ్ణి."

"ఎన్నాళ్ళు?"

"ఆరేండ్లు."

"సారుకు తెలియదా?"

"వచ్చిన దినం ఒత్తినట్లు చేసేటోణ్ణి. ఏడో ఏడు బయట నుంచి ఒకాయప్ప వచ్చి ఎనిమిది దినాలు నేర్పిచ్చె. ఈక విరక్కుండా, ఎముక మీద బరువు పడకుండా వేలు యాడ పెట్టాల్నో చూపిచ్చె. శానా మంచి మనిషి. అప్పట్నించి ఒత్తుతాండా."

ప్రేమజ్యోతి చీపురులోంచి ఒక పుల్ల లాగి, కొంచెం వంపున్న ముక్క విరిచి, పిల్లల స్కేలుతో పాటు నాయన ముందు పెట్టింది. జ్ఞానరాజు పుల్ల ఒక కొసను స్కేలు సున్నా దగ్గర ఆనించి పట్టాడు. వంపు పైకి ఉంది. రెండో కొస ఎక్కడుందో ఆమె చూసింది. తర్వాత అతను బొటనవేలితో వంపును అణచాడు. కొస ముందుకు జరిగింది.

"రెండు గీతలు జరిగె" అంది ఆమె.

"పిగిలి రెక్కకైనా అంతే జరుగుతాది."

"వాళ్ళు పెరిగిందంటాండేది ఎంత నాయనా?"

జ్ఞానరాజు పుల్లను వదిలేశాడు. అది మళ్ళీ వంగి స్కేలు మీద నుంచి పడిపోయింది. ఇద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. అతనికి సిగ్గు వేసింది. మిరప కోతకు పోయే ఆడవాళ్ళకు చెప్పిన మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గు వేసింది. నల్లమల పిట్టల రెక్కలు పెరగలేదు. పెరిగింది ఒకడి బొటనవేలి ఒత్తుడు.

"నేను కావాలని చెయ్యల్యా పాపా. పెరిగిందని ఆ యమ్మ చెప్తే, పెరిగిందేమో అనుకుంటి. నా వేలి మాట నాకే తట్టల్యా."

"చెప్తే ఆ యమ్మ చదువు పోతాది, నీ పనీ పోతాది" అంది ప్రేమజ్యోతి. "చెప్పకుంటే నీ సంతకం అబద్ధమైతాది. నేను చెప్పేదేముంది నాయనా, సంతకం నీది."

*

మర్నాడు పొద్దున వలలు విప్పక ముందే జ్ఞానరాజు హర్షిణికి చెప్పేశాడు. చీపురుపుల్ల జేబులో తెచ్చుకున్నాడు గానీ తీయాల్సిన అవసరం రాలేదు. ఆమె చదువుకున్న పిల్ల, సగం మాటలోనే అర్థమైంది. రేకుబల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఆరేండ్లన్నా" అంది. "మా ఇంట్లో పెండ్లి చేస్తామంటే ఒద్దని, ఎండనకా వాననకా ఈ రాళ్ళలో తిరిగి చేసిన పని. ఇప్పుడా చెప్పేది?"

"నిన్ననే తెలిసె మేడమ్. కాగితం చదివిచ్చుకున్నాంక."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగల్యా మేడమ్."

అతను తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నిజంగానే అడగలేదు. ఎంత వచ్చింది అని అడిగారు, ఎట్లా కొలిచావు అని ఎవరూ అడగలేదు. హర్షిణి కోపంగా అతని వైపు చూసి, ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక తల దించుకుంది.

"ఆ కాగితం నాకు తిరిగియ్యండి మేడమ్."

"నిన్ననే పంపించేసినా."

అక్కడ ఫోను పలికేది ఒక్క గుండు మీదే. వాగు అవతల ఏనుగంత రాయి. హర్షిణి ముందూ జ్ఞానరాజు వెనుకా దాని మీదికి ఎక్కారు. ఈ పనంతటికీ పెద్ద వీరభద్ర సారు. హర్షిణి ఆయనకు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. చెప్పే కొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. చివరికి ఫోను జ్ఞానరాజు చెవి దగ్గర పెట్టింది.

"ఏమప్పా జ్ఞానరాజూ, బాగుండావా?"

"బాగుండా సార్."

"ఎప్పుడో పన్నెండేండ్ల కిందట ఒత్తినావో ఒత్తలేదో నీకిప్పుడు ఏం గుర్తుంటాదప్పా? ఎండకు తిరిగి తిరిగి ఏదేదో అనుకుంటాండావు."

"గుర్తుండాది సార్. ఆ తేనెపిట్టను పూడ్చిన చోటు కూడా గుర్తుండాది."

ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "సరే. నువ్వు చెప్పేదానికి రుజువేమన్నా ఉండాదా? ఏ పుస్తకంలోనన్నా రాసినావా ఒత్తలేదని?"

"లేదు సార్."

"మరి నీ నోటిమాట పట్టుకుని ఇంతమంది కష్టం వాగులో పారేస్తామా? సంతకం పెట్టినావు, అయిపోయింది. పో, వలలు చూసుకో."

గుండు దిగుతుంటే జ్ఞానరాజుకు ఒళ్ళు తేలికైంది. తాను చెప్పాడు, వాళ్ళు వద్దన్నారు, ఇక తన మీద ఏమీ లేదు. పాసు మెడలోనే ఉంది. హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా పది పిట్టలు పడ్డాయి. ప్రతిదాన్నీ ఒత్తి కొలిచాడు. మహానంది రాశాడు. హర్షిణి జీపులో కూర్చుని అద్దం ఎక్కించుకుంది. సద్ది వేళకు కూడా దిగలేదు.

*

మూడోనాడు మహానంది నీళ్ళ డ్రమ్ములు తేవడానికి ఆత్మకూరు పోయాడు. రాసే పని హర్షిణి మీద పడింది. అతను అంకె చెబుతాడు, ఆమె రాస్తుంది. రాత్రంతా నిద్ర లేనట్టు ఆమె కళ్ళు లోపలికి పోయాయి.

ఎనిమిదిన్నరకు ఐదో వలలో ఒక పిగిలి పడింది. జ్ఞానరాజు కాళ్ళు విప్పబోయి ఆగాడు. కాలికి రింగు ఉంది. కొత్తది కాదు. అరిగి పలచనై, అంకెలు సగం చెరిగిపోయిన రింగు. ఇట్లాంటివి ఏడాదికి ఒకటో రెండో పడతాయి. పాత రింగుల పిట్టల్ని, రింగు తొడిగిన నాటి కొలతలు వరసగా ఎక్కించి ఉన్న వేరే పుస్తకంలో రాస్తారు. ఒకే పిట్ట రెండుసార్లు లెక్కకు రాకూడదని హర్షిణి తన పరిశోధనలో ఆ పుస్తకాన్ని కలపలేదు. అది రేకుపెట్టె అడుగున ఉంటుంది, రాయడానికి తప్ప ఎవరూ తెరవరు.

జ్ఞానరాజు పిట్టను వలలోంచి విడిపించి, రింగును వెలుతురుకు తిప్పి చూశాడు. మొదటి అంకెలను బట్టి అది మొదటి ఏళ్ళలో తొడిగింది. ఎదిగిన పిట్ట రెక్క మళ్ళీ పెరగదు. ఏటా ఈకలు రాలి కొత్తవి వచ్చినా కొలత అదే. మొదటి వారంలోనే సారు నేర్పిన పాఠం అది. సారు అడిగిన రుజువు ఇప్పుడు అతని పిడికిట్లో గుండె కొట్టుకుంటోంది.

బల్ల అక్కడికి నలభై అడుగులు. మధ్యలో పొదలు. హర్షిణికి ఈ వల కనిపించదు. ఒక్క వేలు సడలిస్తే పిట్ట పోతుంది, పాసు మెడలో ఉంటుంది, ఆ పిల్ల డాక్టరవుతుంది, తన పేరు మంచిగా అచ్చవుతుంది. వల ఖాళీ అని చెబితే సరిపోతుంది. ఒక్క క్షణం కాదు, చాలాసేపే నిలబడ్డాడు. ఎండ మెడ మీద కాలుతోంది. పిట్ట నోరు తెరిచి రొప్పుతోంది. అట్లా ఎక్కువసేపు పట్టుకోకూడదు. చివరికి దాన్ని సంచిలో వేసి మూతి బిగించాడు. ఆరేళ్ళు ఒక సంగతి దాస్తే ఎంత దూరం వచ్చిందో చూశాడు. ఇంకొకటి దాచే ఓపిక అతనికి లేదు.

"పాత రింగు మేడమ్" అన్నాడు బల్ల దగ్గర.

హర్షిణి రేకుపెట్టె తెరిచి పుస్తకం తీసింది. అతను అంకెలు ఒక్కొక్కటే చదివాడు. చెరిగిన చోట గోటితో తడిమి చదివాడు. ఆమె పేజీలు తిప్పి, వేలు పెట్టి, బయటికే చదివింది.

"మూడో ఏడు, మార్చి. ఎదిగిన పిట్ట. తూకం ముప్పై ఒకటి. రెక్క డెబ్బై ఆరు."

చదివాక గానీ ఏం చదివిందో ఆమెకు తెలియలేదు. తలెత్తింది. జ్ఞానరాజు రెక్క కింద స్కేలు పెట్టి, మడతను అడ్డుకు ఆనించి, బొటనవేలు గాల్లో ఆపి నిలబడ్డాడు.

"ఒత్తమంటారా, ఒద్దంటారా మేడమ్?"

ఆమె పిట్టను చూసింది, వేలిని చూసింది. వద్దని చెప్పడానికి ఆమెకు ఎంత మనసుందో జ్ఞానరాజుకు తెలుసు. వద్దంటే డెబ్బై ఆరు వస్తుంది, పుస్తకంలో ఉన్నదీ డెబ్బై ఆరే, ఇద్దరికీ బాధ ఉండదు.

"ఒత్తు" అంది.

అతను ఒత్తాడు. "డెబ్బై ఎనిమిది."

వేలు తీశాడు. రెక్క మళ్ళీ తన వంపులోకి వచ్చింది. "డెబ్బై ఆరు."

హర్షిణి వంగి, కళ్ళు స్కేలుకు ఆనేంత దగ్గరగా పెట్టి, రెండుసార్లూ తనే చూసింది. ఇంకొకసారి ఒత్తమంది. ఇంకొకసారి వదలమంది. తర్వాత నడుము ఎత్తి నిలబడి, ఆ మడుగు వైపు చూస్తూ ఉండిపోయింది.

జ్ఞానరాజు పిట్టను కాటా మీద పెట్టాడు. "ఇరవై ఆరు మేడమ్."

"కాటా ఎప్పుడన్నా మార్చినారా అన్నా?" అంది ఆమె తిరగకుండానే.

"మార్చినా ఏముంది మేడమ్? దినామూ పొద్దున తూకం బిళ్ళ పెట్టి సరిచూసినాంకనే పిట్టను పెట్టేది. దీంట్లో నా బొటనేలు లేదు." పిట్టను అరచేతి మీదికి తీసుకుని, వేలితో రొమ్ము ఈకలు విడదీసి చూపించాడు. ఎముక పైకి తేలి ఉంది. "ఇన్నేండ్లలో అన్నీ ఇట్లనే అయితాండాయి. రెక్క పెరగల్యా మేడమ్. ఇవి ఎండకు ఓర్చుకునేది నేర్చుకోల్యా. ఊరికే ఎండిపోతాండాయి."

చెయ్యి వదులు చేశాడు. పిగిలి తక్కువ ఎత్తులో ఎగిరి మడుగు అవతలి పొదలోకి పోయింది. హర్షిణి దాన్ని చూసింది, కానీ చూపు అక్కడ లేదు.

"పెన్నియ్యండి మేడమ్" అన్నాడు.

పన్నెండేళ్ళలో అతను ఆ పుస్తకంలో ఒక్క అంకె కూడా తన చేత్తో రాయలేదు. చెప్పేది అతను, రాసేది ఇంకొకరు. ఇప్పుడు కూర్చుని తెలుగులో రాశాడు. ఒత్తితే డెబ్బై ఎనిమిది. ఒత్తకపోతే డెబ్బై ఆరు. మొదటి ఆరేండ్లు నేను ఒత్తలేదు. తూకం ఇరవై ఆరు. కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

హర్షిణి ఆ పేజీ చింపుతుందనే అతను అనుకున్నాడు. ఆమె చింపలేదు. ఫోను తీసి ఫొటో తీసుకుని, వాగు దాటి గుండు ఎక్కింది. కింది నుంచి చూస్తే ఆమె ఫోను చెవికి పెట్టుకుని నిలబడటం, తర్వాత కూర్చోవడం, తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉండిపోవడం కనిపించాయి. ఈలోగా రెండు వలలు చూసి వచ్చాడు. ఆమె దిగి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

"పంపించినా" అంది. ముఖం కడుక్కుని వచ్చింది. అయినా ఏడ్చినట్టు తెలుస్తోంది.

"సారు ఏమన్నాడు మేడమ్?"

"పేపరులోంచి రెక్కల సంగతి తీసేస్తారంట. తూకాల మీద మళ్ళీ రాయమన్నారు. నా డాక్టరేటు ఇంకో రెండేండ్లు." ఆగింది. "కొలిచిన మనిషి తప్పు చేసినాడని ఆ పత్రికవాళ్ళకు రాస్తారంట. పేరు పెట్టి."

"నా పేరా?"

"నేను అడిగినా అన్నా, పేరు ఎందుకు సార్ అని. వినలేదు." ఆ తర్వాతి మాట చెప్పడానికి ఆమె బల్ల మీద స్కేలును రెండుసార్లు జరిపింది. "రేపట్నించి నువ్వు రావద్దన్నారు. పాసు తీసుకోమన్నారు."

జ్ఞానరాజు పాసు దారాన్ని తల మీదుగా తీశాడు. అది మెడకు చేసిన చెమట చార తెల్లగా ఉంది. పాసును స్కేలు పక్కన పెట్టాడు. ఈ అడవిలోకి ఇక రేపు రావాలంటే దొంగలా రావాలి, వాళ్ళ నాయన వచ్చినట్టు.

"తూకాల పేపరులో ఎవరి పేర్లుంటాయి మేడమ్?"

"సారుది." కాసేపటికి, "నాది" అంది.

"ఆ తప్పు రాసేకాడ నా పేరు పూర్తిగా వేయించండి మేడమ్. చిన్నపోగు జ్ఞానరాజు అని. తప్పు నాదే, నేనేం కాదనల్యా." కాటాను వేలితో చూపించాడు. "తూకాలు కూడా నేనే తూచినా కదా. ఒక్కటీ తప్పు పోల్యా. దాని పక్కనే అది కూడా రాయండి."

హర్షిణి పాసును చేతిలోకి తీసుకుని, దాని దారాన్ని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఐదో వలలో మళ్ళీ ఏదో పడి కొట్టుకుంటోంది. వలలు చుట్టేసేలోగా దాన్ని తీయాలి. ఆ పని వచ్చిన మనిషి అక్కడ ఇంకొకడు లేడు. జ్ఞానరాజు లేచి వెళ్ళి, పిట్ట మీదికి నీడ పడేలా ఎండకు అడ్డంగా నిలబడి, ముందు కాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.